ఓవాహు కొండల్లో దొరికిన నత్తగుల్లలు ఏ జాతివి?

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ప్రస్తుతం హవాయిలోని హొనలులులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఈమధ్య ఓవాహు దీవికి పడమటి వైపున్న వయానయ్ కొండల మీదికి అందరం నడకకు వెళ్లాం. అక్కడ మా మనవడికి మూడు నత్తగుల్లలు దొరికాయి. పైన ఒక చెట్టు కింద ఆకుల్లో ఒక పెద్దది, ఒక చిన్నది పక్కపక్కనే ఉన్నాయి. మూడోది కింద కార్లు ఆపుకునే చోట దొరికింది. చిన్నది గోధుమ రంగులో తెల్లచారతో నిగనిగలాడుతోంది, దాని కొన పసుపుగా ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే ఇది అంతరించిపోయిన అకటినెల్లా అపెక్స్‌ఫుల్వా అనిపించింది. నిజమేనా? గుల్లను చూసి జాతిని పోల్చుకోవడం మనవడికి ఎలా నేర్పాలి? ఊరికి వచ్చేటప్పుడు వీటిని తెచ్చి నేను పనిచేసిన బడికి ఇవ్వాలనుకుంటున్నాను. ఫొటోలు పంపుతున్నాను.

సమాధానం:

అమ్మా, ముందుగా మూడింటి పేర్లు చెప్పేస్తాను. మీ చిన్న గుల్ల అపెక్స్‌ఫుల్వాది కాదు. అదే కుటుంబంలోని అకటినెల్లా మస్టెలీనా అనే చెట్టునత్తది. దాని పక్కన దొరికిన పెద్దది యూగ్లాండినా అనే వేటనత్తది. కార్ల దగ్గర దొరికిన పల్చటి గుల్ల ఆఫ్రికా రాక్షస నత్త పిల్లది. చిన్నదాన్ని మాత్రం దయచేసి ఊరికి తీసుకురావద్దు. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

ఫొటోలో గుల్లల పక్కన పావు డాలరు నాణెం పెట్టి చాలా మంచి పని చేశారు. ఆ నాణెం అడ్డుకొలత 24 మిల్లీమీటర్ల పైచిలుకు. దాన్ని బట్టి చిన్న గుల్ల ఎత్తు దాదాపు 20 మిల్లీమీటర్లని, పెద్దది 50 మిల్లీమీటర్లకు తక్కువ కాదని తెలిసింది. చాలామంది గుల్లను అరచేతిలో పెట్టి ఫొటో తీసి పంపుతారు. ఎవరి అరచేయి ఎంతో తెలియక కొలత దగ్గరే పని ఆగిపోతుంది.

ఇక మనవడికి నేర్పాల్సిన మొదటి సంగతి, గుల్లను పట్టుకునే తీరు. కొన పైకి ఉండాలి, నోరు మన వైపుకు తిరిగి ఉండాలి. అప్పుడు నోరు కుడిచేతి వైపు ఉంటే అది కుడిచుట్టు గుల్ల, ఎడమ వైపు ఉంటే ఎడమచుట్టు గుల్ల. మన ఇళ్లలో దక్షిణావర్త శంఖాన్ని చూసి పెరిగినవారికి ఇక్కడ తికమక కలగడం సహజం. మనం దక్షిణావర్తమని పూజించే ఆ అరుదైన శంఖాన్ని జీవశాస్త్రవేత్తలు ఎడమచుట్టు శంఖమంటారు. శంఖం ఒక్కటే, పట్టుకునే తీరులోనే తేడా ఉంది. మన సంప్రదాయంలో కొనను కిందికి ఉంచి చూస్తారు కాబట్టి నోరు కుడికి కనిపిస్తుంది. కొనను పైకి తిప్పితే అదే నోరు ఎడమకు వస్తుంది. నత్తల పుస్తకాలన్నీ కొన పైకి ఉంచే చూస్తాయి. బాబు చేత రెండు విధాలా పట్టించి చూపండి, ఇక మరచిపోడు.

చుట్టు దిక్కుకు ఎందుకింత పట్టింపు అంటారా? ప్రపంచంలో అత్యధిక నత్తజాతులవి కుడిచుట్టు గుల్లలే. పసిఫిక్ దీవుల చెట్టునత్తల్లో మాత్రం ఎడమచుట్టు మామూలుగానే కనిపిస్తుంది. అకటినెల్లా ప్రజాతిలో, అంటే ఆ మొదటి పేరును పంచుకునే దగ్గరి జాతుల గుంపులో, కుడివీ ఉన్నాయి, ఎడమవీ ఉన్నాయి. తాహితీ పక్కనున్న మోరేయా దీవిలో పార్టులా సుతురాలిస్ అనే జాతి మరీ విచిత్రం. ఒకే జాతి, కొన్ని లోయల్లో కుడికి చుట్టుకుంటే కొన్ని లోయల్లో ఎడమకు చుట్టుకునేది. అందువల్ల చుట్టు దిక్కును తప్పక రాసుకోవాలి, కానీ అదొక్కటే చూసి పేరు పెట్టకూడదు.

తరువాత చూడాల్సింది నోటి అంచు, అంటే పెదవి. గుల్లలో నాకు అన్నిటికన్నా ఎక్కువ కబుర్లు చెప్పే భాగం ఇదే. మీ చిన్న గుల్ల నోటిని దగ్గరగా తీసిన ఫొటోలో పెదవి లోపలి వైపు కొద్దిగా లావెక్కి, తెల్లగా, గట్టిగా ఉంది. అకటినెల్లా పెరుగుతున్నంత కాలం పెదవి పల్చగా, పదునుగా ఉంటుంది. ఎదుగుదల ముగిశాకే అది మందమవుతుంది. అంటే మీ చేతిలో ఉన్నది పూర్తిగా ఎదిగిన నత్త గుల్ల. ఈ నత్తలు గుడ్లు పెట్టవు, ఒక్కో కాన్పులో ఒక్క పిల్లనే కంటాయి. పుట్టినప్పుడు ఆ పిల్ల నాలుగైదు మిల్లీమీటర్లే ఉంటుంది. అది ఈ 20 మిల్లీమీటర్లకు చేరడానికి నెలలు చాలవు, ఏళ్లు పడుతుంది.

కార్ల దగ్గర దొరికిన గుల్ల కూడా ఇంచుమించు అదే పరిమాణంలో ఉంది కాబట్టి రెండూ ఒకటేనేమో అని మీరు సందేహపడ్డారు. దాని పెదవి చూడండి, కాగితమంత పల్చగా ఉంది. ఇంకా పెరగాల్సిన పిల్ల అన్నమాట. గుల్ల మీద నిలువుగా ముదురు గోధుమ రంగు మరకలు ఉన్నాయి. నోటి లోపలి అంచున, గుల్ల నడిమి కంబం కిందికి దిగి ఠక్కున నరికినట్టు ఆగిపోయింది. ఆఫ్రికా రాక్షస నత్తకు ఇది ముఖ్యమైన గుర్తు. అకటినెల్లాలో ఆ కంబం అలా తెగిపోదు. దాని మీద చిన్న మడత ఒకటి పొడుచుకు వచ్చి ఉంటుంది, దాన్ని పన్ను అంటారు. మీ చిన్న గుల్లలో ఆ పన్ను స్పష్టంగా ఉంది. ఈ రాక్షస నత్త మీకు కొత్తది కాకపోవచ్చు. తూర్పు ఆఫ్రికా నుంచి మారిషస్ మీదుగా 1847లో కలకత్తాకు తెచ్చి వదిలిన ఈ నత్త ఇవాళ ఆంధ్రప్రదేశ్ తోటల్లోనూ రైతులను వేధిస్తోంది. హవాయికి అది 1936లో చేరింది.

పెద్ద గుల్ల కథ దీనితోనే ముడిపడి ఉంది. అది కదురు ఆకారంలో ఉంది, నడుమ కాస్త ఉబ్బి రెండు వైపులా సన్నబడింది. రంగు గులాబీ కలిసిన లేత గోధుమ. మరకలు, చారలు ఏమీ లేవు, సన్నటి నిలువు గీతలు మాత్రం ఉన్నాయి. నోరు ఇరుకుగా, పొడవుగా ఉంది. నడిమి కంబం ఇందులోనూ తెగినట్టే ఉంటుంది కాబట్టి ఆ ఒక్క గుర్తును పట్టుకుంటే రాక్షస నత్త అని పొరబడే వీలుంది. ఆకారం, నోటి వెడల్పు కలిపి చూస్తే అనుమానం ఉండదు. ఇది యూగ్లాండినా. రాక్షస నత్త పంటలను తినేస్తోందని, దాన్ని తింటుందనే ఆశతో ఈ వేటనత్తను 1955లో ఫ్లోరిడా నుంచి తెచ్చి హవాయిలో వదిలారు. అది ఇతర నత్తలు నేల మీద, ఆకుల మీద వదిలిన జిగురు దారిని పట్టుకుని వెంటాడుతుంది, చెట్లూ ఎక్కుతుంది. చిన్న నత్త దొరికితే గుల్లతో సహా మింగేస్తుంది, పెద్దదైతే తల లోపలికి దూర్చి మాంసం తినేసి గుల్లను వదిలేస్తుంది. రాక్షస నత్తల బెడద దానివల్ల తీరలేదు. కొండల మీది చెట్టునత్తలు మాత్రం దానికి బలైపోయాయి.

పుస్తకాల్లో దీన్ని యూగ్లాండినా రోజియా అనే రాస్తారు. నేను కావాలనే రెండో పేరు రాయలేదు. హవాయిలో ఉన్న ఈ వేటనత్తల జన్యువులను పరీక్షించి 2017లో ప్రచురించిన పరిశోధనలో, ఒకటనుకున్నవి నిజానికి రెండు జాతులని తేలింది. తెచ్చినప్పుడే రెండూ కలిసి వచ్చాయి. దశాబ్దాలపాటు గుల్లలను చూసిన నిపుణులకే ఆ తేడా పట్టుబడలేదు. అలాంటప్పుడు ఒక ఫొటో చూసి నేను రెండో పేరు రాయడం సరికాదు. ప్రజాతి వరకు నిశ్చయంగా చెప్పగలను. అక్కడితో ఆగడం కూడా గుర్తింపులో భాగమేనని మనవడికి చెప్పండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. పసుపు కొనను చూసి అపెక్స్‌ఫుల్వా అనుకున్నారు. ఆ పేరుకు పసుపు కొన కలది అనే అర్థం. కాబట్టి మీ ఊహకు ఆధారం లేకపోలేదు. కానీ అకటినెల్లాలలో రంగును నమ్మడానికి లేదు. ఒకే జాతిలో పసుపువీ, గోధుమవీ, తెల్లచారలవీ, చారలు లేనివీ ఉంటాయి. పైగా ఏ గుల్లకైనా కొనే అన్నిటికన్నా పాత భాగం. నత్త పుట్టినప్పటి గుల్ల అదే. ఏళ్ల తరబడి ఎండకు, వానకు, కొమ్మల రాపిడికి పైపొర అరిగిపోయి కొన రంగు మారిపోతుంది. మీ గుల్ల కొనను పెద్దది చేసి చూస్తే ఆ పసుపు సమంగా లేదు, పైపొర పోయిన చోట మాత్రమే కనిపిస్తోంది.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం గుల్లలో లేదు, మీ ఉత్తరంలో ఉంది. వయానయ్ కొండలు అని రాశారే, నాకు ఆ మాటే ఆధారం. ఓవాహు దీవి రెండు పాత అగ్నిపర్వతాల శేషం. పడమట వయానయ్ కొండలు, తూర్పున కోలావు కొండలు, మధ్యలో మైదానం. చెట్టునత్త ఆకుల మీద పెరిగే సన్నటి బూజును గీరి తింటూ, తరచుగా ఒకే చెట్టు మీద బతుకంతా గడిపేస్తుంది. మైదానం దాటి అవతలి కొండకు పోవడం దానికి సాధ్యం కాదు. అపెక్స్‌ఫుల్వా కోలావు కొండల నత్త. వయానయ్ కొండల్లో నేటికీ ప్రధానంగా మిగిలి ఉన్నది మస్టెలీనా. పరిమాణం, పన్ను, పెదవి అకటినెల్లా అని చెప్పాయి, దొరికిన కొండ మస్టెలీనా అని చెప్పింది. ఇవే గుల్లలను ఎక్కడ దొరికాయో రాయకుండా పంపి ఉంటే చిన్నదాని విషయంలో ప్రజాతి పేరు దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

ఈ సంగతిని మొదట గట్టిగా పట్టుకున్న వ్యక్తి జాన్ థామస్ గ్యూలిక్. హవాయిలో స్థిరపడ్డ క్రైస్తవ మిషనరీల కొడుకు. 1850ల తొలినాళ్లలో ఓవాహు లోయల్లో తిరిగి గుల్లలు సేకరించాడు. పక్కపక్క లోయల్లో వాన, ఎండ, చెట్లు అన్నీ ఒకేలా ఉన్నా నత్తలు వేర్వేరుగా ఉన్నాయని గమనించాడు. పరిసరాలు మారకపోయినా, జీవులు ఒకదానికొకటి దూరమైతే చాలు, తరతరాలకు వేరుపడతాయని 1872లో వాదించాడు. డార్విన్ కాలంలో అది సాహసమైన మాట. ఆయన ప్రతి గుల్లకూ ఏ లోయదో చీటీ రాసిపెట్టబట్టే ఆ వాదన నిలబడింది.

2002లో మైఖేల్ హాడ్‌ఫీల్డ్, బ్రెండన్ హాలండ్ మస్టెలీనాల జన్యువులను పరిశీలించి, వయానయ్ కొండల్లోనే అవి ఆరు వేర్వేరు గుంపులుగా విడిపోయి ఉన్నాయని చూపించారు. ఆ ఆరింటినీ వేటికవి కాపాడుకోవాలన్నది వారి సూచన. గుల్లను చేతిలో పట్టుకుని ఇది ఫలానా గుంపుదని చెప్పడం కుదరదు. ఏ గట్టు మీద దొరికిందో తెలిస్తే చెప్పవచ్చు.

అపెక్స్‌ఫుల్వా గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. హవాయి చెట్టునత్తల్లో మొట్టమొదట శాస్త్రీయంగా పేరు పెట్టింది దానికే. 1787లో జార్జ్ డిక్సన్ అనే ఓడ కెప్టెన్‌కు ఓవాహులో బహుమతిగా ఇచ్చిన దండలో దాని గుల్లలున్నాయి. 1789లో ఆయన పుస్తకంలో ఆ వర్ణన అచ్చయింది. ఆ జాతిలో చివరి నత్తకు జార్జ్ అని పేరు పెట్టుకుని సంరక్షణశాలలో 14 ఏళ్లపాటు పెంచారు. 2019 జనవరి 1న అది చనిపోయింది. తోడు కోసం ఎంత వెతికినా మరొకటి దొరకలేదు. మీకు దొరికింది అదే అయి ఉంటే ఎంత బాగుండునో అని నాకూ అనిపించింది. కానీ కాదు.

ఇక నన్ను కలవరపెట్టిన విషయం. మీ చిన్న గుల్ల నిగనిగలాడుతోంది. నేల మీద పడిన గుల్ల కాలం గడిచేకొద్దీ పైపొర వదిలి, వెలిసి, సున్నంలా తెల్లబడుతుంది. ఆ మెరుపు ఉందంటే నత్త చచ్చిపోయి ఎంతో కాలం కాలేదు. గుల్ల ఎక్కడా పగలలేదు. ఎలుక తిని ఉంటే పళ్లతో కొరికిన గరుకు అంచులతో కన్నం ఉండేది. ఏ పగులూ లేని ఖాళీ గుల్ల, దాని పక్కనే వేటనత్త గుల్ల. ఆ చెట్టు మీద మస్టెలీనాలు ఇంకా బతికి ఉండి ఉండవచ్చు, వాటిని తినే నత్త కూడా అక్కడికి చేరి ఉండవచ్చు. ఈ రెండు విషయాలూ హవాయి రాష్ట్రంలో నత్తలను కాపాడే సిబ్బందికి వెంటనే తెలియాలి. వాళ్లు చెట్ల కింద రాలిన గుల్లలను లెక్కబెట్టి ఎక్కడ ముప్పు పెరుగుతోందో కనిపెడతారు. అవసరమైతే వేటనత్తలు, ఎలుకలు, ఊసరవెల్లులు దాటలేని ప్రత్యేకమైన కంచెల్లోకి బతికున్నవాటిని తరలిస్తారు. మోరేయా దీవికి ఆ అవకాశం దక్కలేదు. అక్కడ వేటనత్తను 1977లో వదిలితే, పదేళ్లు తిరిగేసరికి ఆ దీవికే సొంతమైన ఏడు పార్టులా జాతులూ అడవిలో కనిపించకుండా పోయాయి. ముందే పట్టి తెచ్చి జంతుప్రదర్శనశాలల్లో పెంచిన కొన్నిటి సంతతిని 2015 నుంచి ఆ దీవుల అడవుల్లో తిరిగి వదులుతున్నారు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. చిన్న గుల్లను కడగవద్దు, నూనె రాయవద్దు. చిన్న డబ్బాలో దూది పరిచి పెట్టండి. ఒక చీటీ మీద పెన్సిల్‌తో తేదీ, నడక దారి పేరు, బయలుదేరిన చోటు నుంచి సుమారు ఎంత దూరం, చెట్టు ఏదో తెలిస్తే దాని పేరు రాసి అందులో పెట్టండి. మీ అమ్మాయి ఫోనులో తీసిన ఫొటోలో స్థలం వివరాలు నమోదై ఉంటే అంతకన్నా మంచిది లేదు. హవాయి భూవనరుల, సహజ వనరుల శాఖ కింద నత్తల సంరక్షణ కార్యక్రమం ఉంది. ఫొటోలతో వారికి మెయిల్ రాసి, గుల్లను ఏం చేయమంటారో అడగండి. హొనలులులోని బిషప్ మ్యూజియంలో పసిఫిక్ దీవుల నత్తగుల్లల గొప్ప సేకరణ ఉంది, అక్కడి నిపుణులూ సాయం చేస్తారు. దొరికిన స్థలాన్ని మాత్రం సామాజిక మాధ్యమాల్లో పెట్టవద్దు. ఈ గుల్లల కోసం చెట్లు వెతికేవారు ఒకప్పుడు వేలల్లో పట్టుకుపోయారు, ఇప్పటికీ ఆ ఆశ ఉన్నవారు ఉంటారు.

ఊరికి ఎందుకు తేకూడదంటే, అకటినెల్లా ప్రజాతిలోని జాతులన్నిటినీ అమెరికా 1981లో అంతరించే ముప్పున్న జీవుల జాబితాలో చేర్చింది. ఖాళీ గుల్ల అయినా ఆ చట్టం కిందికే వస్తుంది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలోనూ ఇవి అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉన్నాయి. మన దేశమూ ఆ ఒప్పందంలో ఉంది. పసివాడు తెలియక ఏరుకున్నాడని మెయిల్‌లో ఉన్నదున్నట్టు రాయండి, అందులో దాచాల్సింది ఏమీ లేదు.

బడి పిల్లలకు ఏమిస్తారని మీరు బెంగపడవద్దు. నాణెంతో తీసిన ఫొటోలను పెద్దవి చేయించి ఇవ్వండి. రాక్షస నత్త గుల్లను హవాయి నుంచి మోసుకురావలసిన పనే లేదు, ఇక్కడి తోటల్లోనే దొరుకుతుంది. ఒక మామూలు పూజా శంఖం, ఒక చెరువు నత్త గుల్ల, ఒక తోటనత్త గుల్ల పక్కపక్కన పెట్టి చుట్టు దిక్కు, పెదవి, నడిమి కంబం చూపించండి. ప్రతిదాని కింద ఏ ఊళ్లో, ఏ చోట దొరికిందో పిల్లల చేతే రాయించండి.

ఒక జాగ్రత్త. హవాయిలోనూ, మన దగ్గరా బతికున్న నత్తలను వట్టి చేతులతో పట్టుకోనివ్వవద్దు. రాక్షస నత్తల్లోనూ, వేటనత్తల్లోనూ ఎలుకల ఊపిరితిత్తుల పురుగు పిల్లలు ఉంటాయి. పొరపాటున నోట్లోకి వెళితే మెదడు పొరలకు వాపు వస్తుంది. గుల్లలు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగిస్తే చాలు.

బతికున్న మస్టెలీనాను చూడవచ్చా అని బాబు అడిగాడని రాశారు. చూడవచ్చు, అదృష్టం ఉంటే. అవి రాత్రిపూట తిరుగుతాయి. పగలు ఓహియా వంటి స్థానిక చెట్ల ఆకుల అడుగున, కొమ్మలకు అతుక్కుని ఉంటాయి. దారి దిగకుండా, కొమ్మలు వంచకుండా కింద నుంచి పైకి చూడాలి. దుర్భిణి ఉంటే మేలు. మళ్లీ వెళ్లినప్పుడు నడక దారి మొదట్లో బూట్లు శుభ్రం చేసుకునే బ్రష్షులు కనిపిస్తే తప్పక వాడండి. ఓహియా చెట్లను చంపే శిలీంధ్రం బూట్లకంటిన మట్టితో కొత్త చోట్లకు పాకుతుంది, ఆ చెట్లు పోతే ఈ నత్తలకు నిలువనీడ ఉండదు.